కుక్కపిల్లకు పాలపళ్ళు ఊడేటప్పుడు: ఏది మామూలు, ఏది కాదు

నేల మీద బియ్యపు గింజంత తెల్లటి ముక్క. పక్కనే పడున్న బొమ్మ మీద రెండు ఎర్రటి చుక్కలు. నాలుగు నెలల కుక్కపిల్ల మాత్రం తనకేమీ పట్టనట్టు తోకాడిస్తూ ఎదురొస్తుంది. మొదటిసారి కుక్కను పెంచుతున్నవాళ్ళకు ఇక్కడ గుండె ఝల్లుమంటుంది. ఎక్కడైనా దెబ్బ తగిలించుకుందా, చిగుళ్ళకు జబ్బు చేసిందా, కొరకకూడనిది ఏమైనా కొరికిందా అని వరసగా అనుమానాలు. నోరు తెరిచి చూద్దామంటే అది చూడనివ్వదు.

చాలాసార్లు జవాబు ఒక్కటే: పాలపళ్ళు ఊడుతున్నాయి. మనుషుల పిల్లలకు ఆరేడేళ్ళ వయసులో మొదలై ఏళ్ళ తరబడి సాగే పని కుక్కపిల్లకు మూడు నాలుగు నెలల్లో అయిపోతుంది. అంత వేగంగా జరుగుతుంది కాబట్టే కొందరికి అది జరిగినట్టు కూడా తెలియదు, ఇంకొందరిని అందులో ప్రతిదీ భయపెడుతుంది. నిజానికి ఊడిన పన్ను గురించి దిగులు పడాల్సింది దాదాపు ఏమీ లేదు. పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి, ఊడాల్సిన వేళకు ఊడని పన్ను. రెండోది, "పళ్ళొస్తున్నాయిలే" అని మనం తేలిగ్గా తీసేసిన జబ్బు. వాటి దగ్గరికి వెళ్ళేముందు పళ్ళ లెక్క తెలియాలి.

## 28 పళ్ళు పోయి 42 ఎలా వస్తాయి

కుక్కపిల్ల బోసినోటితో పుడుతుంది. మూడో వారం దాటాక చిగుళ్ళలోంచి పాలపళ్ళు బయటికి రావడం మొదలై, రెండు మూడు నెలలు నిండేసరికి అన్నీ వచ్చేస్తాయి. మొత్తం 28. నోటిని నాలుగు భాగాలుగా ఊహించుకుంటే (పైన కుడి, పైన ఎడమ, కింద కుడి, కింద ఎడమ) ఒక్కో భాగంలో ముందుపళ్ళు 3, కోర 1, దాని వెనక చిన్న దవడపళ్ళు 3. అంటే ఏడు. ఏడు నాలుగుల 28. బడి పుస్తకాల్లో వీటినే కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు అని చదువుకున్నాం. చర్వణకాలు, అంటే అన్నిటికన్నా వెనకుండే పెద్ద దవడపళ్ళు, పాలపళ్ళలో అసలుండవు.

శాశ్వత పళ్ళు 42. పై దవడలో ఒక్కో వైపు ముందుపళ్ళు 3, కోర 1, చిన్న దవడపళ్ళు 4, పెద్ద దవడపళ్ళు 2, కలిపి 10. కింది దవడలోనూ అదే వరస, కాకపోతే పెద్ద దవడపళ్ళు 3 కాబట్టి 11. రెండు వైపులా కలిపితే పైన 20, కింద 22.

పాతవాటి కన్నా 14 ఎక్కువ. ఈ 14 ఏ పాలపన్నునూ తోసుకుని రావు. పెద్ద దవడపళ్ళు పదీ, కోర వెనకే మొదటగా ఉండే చిన్న దవడపళ్ళు నాలుగూ ఖాళీ చిగురులోంచే మొలుస్తాయి. "ఇక్కడ పన్ను ఊడటం నేను చూడలేదు, మరి కొత్తది ఎలా వచ్చింది?" అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

అసలు రెండు విడతలు ఎందుకు? దవడ పెరుగుతుంది, పన్ను పెరగదు. పన్ను పైభాగం చిగురులోపల ఉండగానే తన పూర్తి వెడల్పుకు తయారైపోతుంది, బయటికొచ్చాక లావెక్కదు. నెల వయసు దవడలో పట్టే పన్ను ఏడాది కుక్క దవడకు చాలదు. అందుకని చిన్న దవడకు చిన్న పళ్ళు, పెద్ద దవడకు పెద్ద పళ్ళు.

పాలపళ్ళు సూదుల్లా అంత వాడిగా ఉండటానికి పసిదవడకు బలం లేకపోవడమే కారణం అంటారు. పట్టులో బలం లేని చోట మొన పనిచేస్తుంది. ఆ మొనల వల్ల ఇంకో రెండు పనులు జరుగుతాయి. పాలు తాగుతుంటే పళ్ళు గుచ్చుకుని తల్లి లేచి వెళ్ళిపోతుంది, పిల్లలు మెల్లగా పాలు మానతాయి. ఆటలో తోబుట్టువును గట్టిగా కొరికితే అది కుయ్యిమని ఆట ఆపేస్తుంది, ఎంత గట్టిగా కొరకొచ్చో పిల్లకు అలా తెలుస్తుంది. మరీ చిన్నప్పుడే తల్లి నుంచి, తోబుట్టువుల నుంచి విడదీసిన పిల్లలకు ఆ పాఠం సగంలో ఆగిపోతుంది. అలాంటి పిల్ల ఇంట్లోవాళ్ళ చేతుల మీద పళ్ళు గట్టిగా దించితే అది పొగరు కాదు, ఇంకా ఎవరూ నేర్పకపోవడం.

## దొరికిన పంటికి వేరు ఎందుకు ఉండదు

పాలపన్ను పట్టు వదిలి ఊరికే రాలిపోదు. కింద తయారవుతున్న కొత్త పన్ను పైకి కదులుతున్నప్పుడు, పాత పంటి వేరు కొసను కొన్ని ప్రత్యేక కణాలు కరిగించడం మొదలుపెడతాయి. వేరు కొంచెం కొంచెంగా తరిగి చివరికి చిగురు అంచును పట్టుకుని పంటి పైభాగం ఒక్కటే వేలాడుతుంది. బొమ్మను లాగుతున్నప్పుడో, తిండి నములుతున్నప్పుడో అది ఊడి వస్తుంది.

అందుకే నేల మీద దొరికిన పన్ను లోపల గుల్లగా, చిన్న టోపీలా ఉంటుంది. "వేరు లోపలే విరిగిపోయిందేమో" అని భయపడేది ఆ టోపీని చూసే. అలా వేరు లేకుండా ఊడటమే సరైన తీరు. వేరు కరగకుండా పొడవుగా మిగిలిపోయినప్పుడే చిక్కంతా, దాని గురించి కింద వివరంగా ఉంది.

ఊడిన పళ్ళలో చాలావాటిని పిల్ల తిండితో పాటు మింగేస్తుంది. అంత చిన్న ముక్కతో ఏ ప్రమాదమూ లేదు. 28 పళ్ళలో ఒకటో రెండో మీ కంటపడ్డాయంటే అదే గొప్ప. దాచుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఆ ముచ్చట నాకు అర్థమవుతుంది.

## ఏ వయసులో ఏ పన్ను

సుమారు మూడు నుంచి నాలుగు నెలల మధ్య నడిమి ముందుపళ్ళతో పని మొదలవుతుంది. అవి ఊడాక పక్కవి, ఆ తర్వాత అంచున ఉన్నవి. అయిదో నెల నాటికి సాధారణంగా ముందుపళ్ళన్నీ కొత్తవే. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చిన్న దవడపళ్ళు మారతాయి, ఇంచుమించు అదే సమయంలో, అయిదారు నెలలప్పుడు, కోరలు. పెద్ద దవడపళ్ళు అయిదో నెల నుంచి ఒక్కొక్కటే వచ్చి ఏడో నెలకు పూర్తవుతాయి. పెద్ద జాతి కుక్కల్లో ఇదంతా కాస్త ముందుగానూ, బుల్లి జాతుల్లో కాస్త ఆలస్యంగానూ జరగడం ఎక్కువ. రెండు మూడు వారాల తేడాకు అర్థాలు వెతకనక్కర్లేదు.

ఈ వరస ఇంత నమ్మకంగా సాగుతుంది కాబట్టే, పుట్టిన తేదీ తెలియని పిల్లను తీసుకెళ్తే పశువైద్యులు ముందు పెదవి ఎత్తి చూస్తారు. ఉదాహరణకు దారిలో దొరికిన పిల్లను తెచ్చుకున్నారనుకుందాం. ముందు వరసలో నడిమి రెండు పళ్ళు వెడల్పుగా, కొత్త పలకల్లా ఉన్నాయి, పక్కవి సన్నగా, చిన్నగా ఉన్నాయి, కోరలు సూదుల్లా ఉన్నాయి. నడిమివి మారాయి, మిగతావి మారలేదు. అంటే వయసు దాదాపు నాలుగు నెలలు. అదే ముందుపళ్ళన్నీ మారి, కింది చిగురులోంచి లావుపాటి కోర మొన తొంగి చూస్తుంటే అయిదు నెలలు దాటాయి. నాలుగు కోరలూ పూర్తిగా దిగి, చివరి దవడపళ్ళు కూడా ఉంటే ఆరేడు నెలలైనా నిండి ఉండాలి. ఎంత నిండాయో పళ్ళు చెప్పలేవు. అక్కణ్ణుంచి అరుగుదల, గార చూసి వేసే అంచనాలన్నీ ఉజ్జాయింపులే. టీకాలు ఎప్పుడెప్పుడు వేయాలన్నది వయసును బట్టి ఉంటుంది కనుక ఈ లెక్క వట్టి కుతూహలం కాదు.

## కొరుకుడంతా పళ్ళ వల్లేనా

పళ్ళు మారే నెలల్లో కనబడేవి ఇవి: కనిపించిన ప్రతిదాన్నీ నమలడం, చొంగ కాస్త ఎక్కువవడం, ఎర్రబడి ఉబ్బిన చిగుళ్ళు, బొమ్మల మీద చిన్న రక్తపు మరకలు, నోటి నుంచి కొద్దిగా ఇనుములాంటి వాసన. గట్టి తిండిని నోట్లో పెట్టుకుని వదిలేసి, అదే నానబెట్టి ఇస్తే తినేస్తుంది. ఇవన్నీ మామూలే.

నమలడానికి కారణం ఏమిటన్న దగ్గర రెండు మాటలున్నాయి. చిగుళ్ళ సలుపుకు నమిలితే హాయిగా ఉంటుంది, అందుకే నములుతుంది అన్నది ఒకటి. కుక్కపిల్లకు నోరే చేయి, లోకాన్ని అది నోటితోనే తెలుసుకుంటుంది, పళ్ళు మారినా మారకపోయినా నములుతుంది అన్నది రెండోది. రెండూ నిజమే అనిపిస్తుంది నాకు, ఎంత పాలు ఏది అన్నది పిల్లను బట్టి మారుతుంది. వయసు చూస్తే చాలావరకు తేలుతుంది. పది వారాల పిల్ల మడమలు పట్టుకుని లాగుతుంటే అది పళ్ళు ఊడటం వల్ల కాదు, ఊడటం ఇంకా మొదలే కాలేదు. అది ఆట. కదిలే కాళ్ళు, చేతులు, బట్టల అంచులు దాని గురి, మీరు కదలకుండా నిలబడితే పట్టు సడలుతుంది. నాలుగున్నర నెలల పిల్ల కూర్చుని కుర్చీ కాలును ఒక పక్క దవడతో పావుగంట నమిలితే అక్కడ చిగుళ్ళ సలుపు ఉందనుకోవచ్చు. తొమ్మిది నెలల కుక్క చెప్పులు చింపుతుంటే పళ్ళ మీద నెట్టడం కుదరదు, ఆ పని ఎప్పుడో అయిపోయింది. అది తోచకపోవడమో, ఒంట్లో ఉన్న ఉత్సాహానికి దారి లేకపోవడమో అయ్యుంటుంది. "పళ్ళొచ్చాక అదే మానేస్తుంది" అని ఎదురుచూసినవాళ్ళు నిరాశపడేది ఇక్కడే. సలుపు పోతుంది కానీ అలవాటు మిగిలిపోతుంది.

నమలడానికి ఏమివ్వాలన్న వాదన కూడా ఉంది. ఎముకలు, జింక కొమ్ములు, గిట్టలు సహజమైనవి, పళ్ళకు మంచివి అని కొందరంటారు. పళ్ళ సంగతి చూసే పశువైద్యులు ఎక్కువమంది వద్దంటారు. వాళ్ళు చెప్పే కారణం బలమైనది: కొత్తగా వచ్చిన శాశ్వత పన్ను బయటికి పూర్తిగా కనిపిస్తున్నా లోపల గోడలు ఇంకా పల్చన, మధ్యలో నరం, రక్తనాళాలు ఉండే గది వెడల్పు. గట్టి ఎముక మీద పడితే పగిలేది అదే. ఐసు ముక్కల మీదా ఇదే తగువు. చల్లదనం చిగుళ్ళకు ఉపశమనమే, గడ్డకట్టిన ఐసు దిమ్మను కొరకడం మాత్రం పంటికి పరీక్ష. తడి గుడ్డను మెలిపెట్టి చల్లబరిచి ఇస్తే చల్లదనం దక్కుతుంది, పంటికి ముప్పు ఉండదు. వైద్యులు వాడే కొలబద్ద ఒకటుంది: బొటనవేలి గోరుతో నొక్కితే కొంచెమైనా నొక్కుపడని వస్తువు కుక్క పంటికి మరీ గట్టిది.

మందుల విషయంలో వాదన లేదు. మనుషులు నొప్పికి వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కలకు విషంగా మారగలవు. పసిపిల్లల చిగుళ్ళకు రాసే మొద్దుబార్చే జెల్లుల్లో ఉండే బెంజోకైన్ వాటి రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీయగలదు. మనుషుల టూత్‌పేస్టుల్లో, చక్కెర లేని చూయింగ్‌గమ్‌లలో ఉండే జైలిటాల్ కొద్దిగా కడుపులోకి పోయినా కుక్క రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

ఒక మాట ఇక్కడ చెప్పకుండా దాటలేను. సూదుల్లాంటి ఈ పళ్ళు ఆటలోనే చర్మాన్ని గీరేస్తాయి. పిల్లకు రేబీస్ టీకా ఇంకా పడకపోయినా, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోయినా "పాలపళ్ళేగా" అనుకోవడానికి లేదు. వైరస్ ఉండేది చొంగలో, పంటి వయసుతో దానికి పనిలేదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పావుగంట కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవడమన్నదే ప్రపంచమంతటా చెప్పే పద్ధతి.

## "పళ్ళొస్తున్నాయిలే" అనే మాట వెనక దాక్కునే జబ్బులు

పళ్ళు మారడం వల్ల జ్వరం, విరేచనాలు వస్తాయా? పెంచేవాళ్ళలో చాలామంది వస్తాయంటారు, తమ కళ్ళతో చూశామంటారు. వాళ్ళు చూసింది అబద్ధం కాదు. ఆ నెలల్లో కుక్కపిల్లలకు విరేచనాలు తరచుగా అవుతాయి. కానీ రెండు సంగతులు ఒకే నెలలో జరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమైపోదు. నేల మీది ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకునే వయసు అది. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గిపోయి, టీకాల వరస ఇంకా పూర్తికాకుండా ఉండే వయసు. నులిపురుగుల వయసు. తిండి మార్చే వయసు కూడా. వీటిలో ఏదైనా కడుపు పాడుచేయడానికి చాలు. చిగుళ్ళ సలుపు వల్ల ఒకపూట ముద్ద తగ్గడం వేరు, ఒళ్ళు కాలిపోవడం వేరు. నిజమైన జ్వరాన్ని పళ్ళ ఖాతాలో వేయకూడదన్నదే పశువైద్యుల మాట. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మనకంటే ఎక్కువే. చెయ్యి వేసి వెచ్చగా ఉందని జ్వరం అనుకోవడమూ పొరపాటే, థర్మామీటరులో 103 దాటితే పళ్ళనుకోవడమూ పొరపాటే.

రెండు పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండింటికీ నాలుగు నెలలే, రెండూ పొద్దున తిండి వదిలేశాయి. మొదటిది గిన్నె దగ్గరికొచ్చి, ఒక పలుకు నోట్లో పెట్టుకుని, కింద పడేసింది. నానబెట్టి ఇస్తే తినేసింది, తర్వాత బొమ్మ కోసం ఎగిరింది. దీని చిగుళ్ళు నొప్పిగా ఉన్నాయి, అంతే. రెండోది గిన్నె దగ్గరికే రాలేదు. మూల పడుకుంది, పిలిస్తే తల మాత్రం ఎత్తింది, మధ్యాహ్నం వాంతి చేసుకుంది, సాయంత్రానికి కంపుకొట్టే నీళ్ళ విరేచనం, అందులో రక్తం. ఇది పార్వో కావచ్చు. పార్వో వైరస్ ఎక్కువగా కాటేసేది ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లల్నే, సరిగ్గా పళ్ళు మారే నెలలు అందులోనే ఉన్నాయి. రేపటిదాకా చూద్దాం అనుకుంటే ఒంట్లో నీరు పోయి పిల్ల దక్కకపోవచ్చు. బొమ్మ మీది రక్తపు చుక్క పళ్ళది, విరేచనంలో రక్తం ఎప్పుడూ పళ్ళది కాదు.

నోట్లో ఏమీ లేకుండానే దవడలు టకటకలాడిస్తూ, నురగ కారుస్తూ, పిలిచినా పలకని స్థితి ఇంకొకటి. పైపైన చూస్తే చూయింగ్‌గమ్ నములుతున్నట్టే ఉంటుంది. అది డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు మెదడుకెక్కినప్పుడు వచ్చే మూర్ఛ కావచ్చు. చిగుళ్ళ సలుపుకు నమిలే పిల్లకు నమలడానికి ఏదో ఒక వస్తువు కావాలి, పిలిస్తే అది చూస్తుంది.

## వాలిన చెవులు, కాల్షియం టానిక్కు

జర్మన్ షెపర్డ్ లాంటి నిటారు చెవుల జాతుల్లో మూడో నెలకు నిలబడ్డ చెవి నాలుగో నెలలో మళ్ళీ వాలిపోవడం పెంచేవాళ్ళందరూ చూసే సంగతే. దానికి ఇచ్చే వివరణ ఏమిటంటే, పళ్ళకు కాల్షియం కావాలి, అందుకని ఒళ్ళు చెవుల నుంచి లాగేసుకుంటోంది, కాబట్టి కాల్షియం పట్టాలి. చూసింది నిజం, వివరణ మాత్రం నిలవదు. చెవిని నిలబెట్టేది మెత్తని మృదులాస్థి, అది కాల్షియం నిల్వ ఉంచుకునే గోదాము కాదు. పైగా బయటికొస్తున్న పంటి పైభాగం గట్టిపడే పని చిగురులోపల అంతకుముందే అయిపోయి ఉంటుంది. పళ్ళు మారడం పూర్తయ్యాక చాలా చెవులు ఏ టానిక్కూ లేకుండానే లేస్తాయి.

దీన్ని నమ్మకాల లెక్కలో వేసి వదిలేయకపోవడానికి కారణం ఉంది. పెద్ద కుక్క తనకు ఎక్కువైన కాల్షియాన్ని పేగుల్లోనే ఆపేసుకోగలదు. చిన్నపిల్లకు ఆ అదుపు ఇంకా రాదు, తిండిలో ఎంత ఉంటే దాదాపు అంత ఒంట్లోకి పోతుంది. గ్రేట్ డేన్ పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో కాల్షియం ఎక్కువైతే ఎముకల ఎదుగుదల దారి తప్పుతుందని తేలింది. పెద్ద జాతి పిల్లకు సమతూకమైన తిండి పెడుతూ, పైనుంచి "పళ్ళకు మంచిది" అని కాల్షియం పోస్తే దెబ్బతినేది దాని కాళ్ళు. ఇంట్లో వండిన తిండి ఒక్కటే పెడుతున్నప్పుడు కాల్షియం చాలకపోవడం కూడా జరుగుతుంది. అందుకే పట్టాలా వద్దా అన్నది తిండిని చూసి తేల్చాలి తప్ప పళ్ళను చూసి కాదు.

## ఊడని పన్ను: ఒక గూటిలో రెండు

ఈ విషయం మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న చోటు ఇది. కొత్త పన్ను వచ్చేస్తుంది, పాతది కదలదు. వేరు కరగాల్సినంత కరగలేదు, లేదా కొత్తది దారి తప్పి పక్కనుంచి వచ్చింది. యార్క్‌షైర్ టెర్రియర్, చివావా, పొమరేనియన్, మాల్టీస్ లాంటి బుల్లి జాతుల్లో ఇది చాలా ఎక్కువ. ఏ పన్నైనా ఇలా ఉండిపోవచ్చు గానీ అందరికంటే మొండిది కోర.

పశుదంతవైద్యంలో సూత్రం ఒక్కటే: ఒకే రకం పళ్ళు రెండు ఒకే చోట ఒకేసారి ఉండకూడదు. కొద్ది రోజులు పక్కపక్కన ఉండటం మామూలే. కొత్త పన్ను పెరుగుతూ పోతున్నా పాతది గట్టిగానే ఉంటే అది మామూలు కాదు.

రెండు పళ్ళుంటే నష్టమేమిటి, అందంగా లేకపోవడమేగా అనుకునేవాళ్ళున్నారు. నష్టం దారి మళ్ళడంలో ఉంది. శాశ్వత పళ్ళలో చాలామటుకు పాలపంటికి లోపలి పక్కనుంచి, నాలుక వైపు నుంచి వస్తాయి. పాతది తప్పుకోగానే కొత్తది బయటికి జరిగి తన చోట కూర్చుంటుంది. కింది పాలకోర తప్పుకోకపోతే కొత్త కోర లోపలి పక్కే నిటారుగా పెరిగి, నోరు మూసినప్పుడల్లా అంగిలిలో గుచ్చుకుంటుంది. ప్రతి ముద్దకూ, ప్రతి మొరుగుకూ గుచ్చుకుంటుంది. అది బయటికి చెప్పుకోలేని నొప్పి. ఏళ్ళ తరబడి అలాగే ఉంటే అంగిలికి చిల్లుపడి ముక్కులోకి దారి ఏర్పడటం కూడా ఉంది. పై కోర సంగతి వేరు, అది పాతదానికి ముందు వైపు నుంచి వస్తుంది. పాతది అడ్డుంటే ఇంకా ముందుకు జరిగి, కింది కోర ఒదగాల్సిన సందును మూసేస్తుంది. వీటికి తోడు రెండు పళ్ళ మధ్య ఇరుకులో తిండి, వెంట్రుకలు ఇరుక్కుని చిగుళ్ళ జబ్బు చిన్నవయసులోనే మొదలవుతుంది.

తీసేయాలన్న దాంట్లో పెద్దగా భేదాభిప్రాయం లేదు, ఎప్పుడన్నదే చర్చ. కొత్తది కనబడగానే తీసేయాలి, ప్రతి వారమూ విలువైనదే, పన్ను ఇంకా కదులుతున్నప్పుడే దారిలో పడుతుంది అన్నది దంతవైద్యుల వైపు మాట. ఆరో నెల ప్రాంతంలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎలాగూ ఉంటుంది, అప్పుడు కలిపి తీస్తే పూర్తి మత్తు ఒక్కసారితో పోతుంది, చిన్న ప్రాణానికి రెండుసార్లు ఎందుకు అన్నది రెండో మాట. బుల్లి కుక్కకు మత్తంటే భయపడటం తప్పు కాదు, ఖర్చు చూసుకోవడమూ తప్పు కాదు.

ఉదాహరణతో చూస్తే ఈ రెండు మాటలూ ఎక్కడ నిలుస్తాయో తెలుస్తుంది. ఆరున్నర నెలల పొమరేనియన్‌కు పై పాలకోరలు రెండూ ఉన్నాయి, కొత్తవి పక్కన దాదాపు పూర్తిగా దిగాయి, నోరు మూస్తే ఏ పన్నూ దేనికీ తగలడం లేదు, ఆపరేషన్ రెండు వారాల్లో ఉంది. ఆ రెండు వారాలు ఆగినందుకు పోయేది తక్కువ. అయిదు నెలల యార్కీకి (యార్క్‌షైర్ టెర్రియర్‌కు) కింది కొత్త కోరలు పాలకోరల లోపలి పక్కనుంచి వస్తూ అప్పుడే అంగిలిని తాకుతున్నాయి, ఆపరేషన్ ఇంకా రెండు నెలలకు. ఇక్కడ ఆగితే ఆ రెండు నెలల్లో కోర తప్పుడు చోట స్థిరపడిపోతుంది. తర్వాత దాన్ని జరపాలంటే పళ్ళ తీగలు, మళ్ళీ మళ్ళీ మత్తు. ఒక్కసారి మత్తు తప్పించబోయి రెండు మూడుసార్లు ఇవ్వాల్సి వస్తుంది. పొమరేనియన్ విషయంలో నేను ఆగడాన్ని తప్పుపట్టను, యార్కీ విషయంలో ఆగడం ఆ పిల్లకు అన్యాయమే.

ఇంట్లోనే కదిపి లాగేద్దామన్న ఆలోచన కొందరికి వస్తుంది. కరగని పాలకోర వేరు బయట కనబడే పంటికంటే పొడవు, సన్నం, వంపు తిరిగి ఉంటుంది. లాగితే ఊడదు, విరుగుతుంది. లోపల మిగిలిన ముక్క చీము పట్టొచ్చు, కొత్త పన్నుకు అడ్డు మాత్రం అలాగే ఉంటుంది. వైద్యులు ఎక్స్‌రే తీసి, మత్తిచ్చి, చుట్టూ వదులు చేసి మెల్లగా తీసేది అందుకే.

## విరిగిన పాలపన్ను

ఎలాగూ ఊడేదే కదా అని వదిలేసే ఇంకో సంగతి ఇది. పన్ను విరిగి మధ్యలో ఎర్రటి లేదా నల్లటి చుక్క కనబడుతుంటే, నరం గది తెరుచుకుందన్నమాట. ఆ దారిన నోట్లోని సూక్ష్మజీవులు వేరు కొస దాకా పోతాయి. ఆ కొస కిందే శాశ్వత పంటి మొగ్గ తయారవుతూ ఉంటుంది. చీము తగిలిన మొగ్గ మీద పింగాణి పొర సరిగా ఏర్పడక, వచ్చే పన్ను గుంటలతో, గోధుమరంగు మచ్చలతో రావొచ్చు. పైగా నొప్పి ఇవాళ ఉంటుంది, ఊడే రోజు వారాల అవతల ఉండొచ్చు.

ఒక్క పంటికి కాక చాలా పళ్ళకు ఒకేలా గుంటలు, పొర లేని పట్టీలు ఉంటే కారణం పంటిలో కాదు, పసితనంలో వచ్చిన జబ్బులో వెతకాలి. డిస్టెంపర్ గానీ తీవ్రమైన జ్వరం గానీ వచ్చి కోలుకున్న పిల్లల్లో, ఆ రోజుల్లో తయారవుతున్న పొర అక్కడికక్కడే ఆగిపోతుంది. నెలల తర్వాత పన్ను బయటికొచ్చినప్పుడు ఆ గుర్తు కనబడుతుంది. టెట్రాసైక్లిన్ రకం మందులు పసివయసులో వాడితే పళ్ళు పసుపు పట్టడమూ అలాంటిదే.

## ఏడో నెల లెక్క

ఏడు నెలలు నిండాక ఒకసారి పళ్ళు లెక్కపెడితే 42 ఉండాలి. ఎక్కువుంటే చాలాసార్లు పాలపళ్ళు మిగిలాయన్నమాట. తక్కువుంటే రెండు కారణాలుండొచ్చు, బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి. అసలా పన్ను పుట్టనేలేదు, లేదా పుట్టి చిగురులోపలే ఉండిపోయింది.

పుట్టని పంటితో కుక్కకు ఏ బాధా లేదు. లోపల ఉండిపోయినది అలా కాదు. దాని చుట్టూ నీటి తిత్తి ఏర్పడి, నొప్పి లేకుండా, శబ్దం లేకుండా పెరుగుతూ దవడ ఎముకను తినేయగలదు. పక్కపళ్ళ వేర్లు కూడా పోతాయి. బాక్సర్, పగ్ లాంటి పొట్టి మూతి జాతుల్లో కింది కోర వెనకుండే మొదటి చిన్న దవడపన్ను ఇలా చిక్కుకోవడం తరచుగా చూస్తారు. చిగురు మీద నీలంగా మెత్తటి ఉబ్బు కనబడేసరికి లోపల చాలా నష్టం అయిపోయి ఉంటుంది. ఏడెనిమిది నెలలప్పుడు ఆ ఖాళీకి తీసిన ఒక్క ఎక్స్‌రే లోపల పన్ను ఉందో లేదో తేల్చేస్తుంది. ఉంటే తీసేస్తారు. లేకపోతే ఆ కుక్క 41 పళ్ళతో నిశ్చింతగా బతుకుతుంది.